ఏసీ నీళ్ల చెట్టు

జాబ్రియాలో, మూడో అంతస్తులో,
ఉత్తరం వైపు గాజు గదిలో ఒక కుండీ.
కుండీలో మోకాలెత్తు పొద.
అబ్లా దాన్ని అజేలియా అంటాది.
తోటల్లో పెంచే రకం కాదంట, అడివిది,
యాడనో ఏటి బండల సందున పుట్టిన జాతి.

కుళాయి నీళ్లు పొయ్యద్దనింది మొదటిరోజే.
పుల్లటి మన్ను తినే చెట్టు, సున్నం పడదు.
అందుకని ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టినా.
బయట కువైట్ యాభై డిగ్రీల్లో కాగతాంటే
లోపల చుక్క, చుక్క, చుక్క.
తెల్లారేసరికి సగం బకెట్.
గాలి చెమట అది, ఎవరి చెమటా కాదు.

నలభై ఏండ్లు ఆడపిల్లలకి చెట్ల పాఠం చెప్పిన మనిషి.
ఇప్పుడు రెండు కళ్లల్లోనూ నడిమధ్యన మచ్చ.
అంచులు అగపడతాయంట, నడుమ అగపడదంట.
నడుమ చూసేది నా పని.

"రెడ్డెమ్మా, ఆకు చెప్పు."
సన్నంగా ఉండాది అబ్లా, వేపాకంత కూడా లేదు.
"నూగు?"
ఉండాది. గోధుమ రంగు. నిలబడి లేదు,
పండుకొని ఉండాది,
నూనె పెట్టి దువ్విన చంటిబిడ్డ తల మాదిరి.
వేలు కొనకి నడిపితే నున్నన,
వెనక్కి తెస్తే గరుకు.
"జైన్" అంటాది.
ఆ ఒక్క మాటకే
నా ఎనిమిదో తరగతి తలెత్తుకుంటాది.

ఆకు సన్నమెందుకో కూడా చెప్పింది.
వానాకాలం ఏరు పొంగి పొద మీదుగానే పోతాది.
వెడల్పాకైతే చినుగుతాది,
సన్నాకు నీళ్లకి దారిస్తాది.
వరద తీసినాక తల విదిలించుకొని లేస్తాది.
చెయ్యేటి ఒడ్డున రెల్లు కూడా అంతే అని చెప్పబోయి,
ఏరుకి అరబ్బీలో మాట రాక
చెయ్యి అడ్డంగా ఊపి ఊపి చూపించినా,
ఆమెకి నడుమ అగపడదని మరిచిపోయి.

నవంబర్లో ఆకులు పండబారినాయి.
ఒక పొద్దున నేలంతా అవే.
నాకు కాళ్లల్లో వణుకు.
నీళ్లు ఎక్కువైనాయా, తక్కువైనాయా,
జీతంలో కోస్తారా.
రెండురోజులు ఊడ్చి సంచిలో దాచిపెట్టినా.
మూడోనాడు చెప్పేసినా.

"కొమ్మ కొనల్లో చూడు. చిన్నవి ఉండాయా?"
ఉండాయి. మందంగా, ముదురు పచ్చగా,
మొగ్గని చుట్టుకొని.
"ఏడాదికి రెండు కాపుల ఆకులు దీనికి.
వసంతానివి పెద్దవి, పని చేసి పోతాయి.
ఎండాకాలానివి చిన్నవి, చలికి కాపలా ఉంటాయి.
చూసేవాళ్లు ఎప్పుడూ పచ్చనే అంటారు,
ఉన్నవే ఉన్నాయనుకుంటారు."
నేనేమీ అనలే.
మెట్ల కింది గదిలో నా పక్క మంచం మీద
పోయినేడు శ్రీలంక సుమనావతి,
ఈ ఏడు నేపాల్ పిల్ల దిల్మాయా.
ఈ ఇంటి వంటింట్లో పొయ్యి మాత్రం
ఒక్కపూటా ఆరలేదు.

మే నెలాఖర్లో పూసింది, ఇటుక ఎరుపు.
గరాటు మాదిరి పూవు, అంచున అయిదు రేకులై విడిపోయి.
పై రేకు లోపల ముదురు చుక్కలు,
తేనెటీగకి దారి చూపేదానికంట.
మూడో అంతస్తుకి తేనెటీగ యాడ వస్తాది.

"కేసరాలు లెక్కబెట్టు. అయిదుండాల.
ఈ జాతి గుర్తే అది."
ఒక పూవులో అయిదు. పక్కదాంట్లో అయిదు.
మూడోదాంట్లో ఆరు.
మళ్లా లెక్కబెట్టినా. ఆరే.
"ఎన్ని?"
అయిదు, అన్నా.
నలభై ఏండ్ల పాఠం అది,
మధ్యలో నేనెవురు?

రాత్రి నిద్ర పట్టలే.
గోడవతల చుక్క, చుక్క.
లేచి పోయి తలుపు కొట్టినా.
అబ్లా, ఒకదాంట్లో ఆరుండాయి.

లైటు వెయ్యనియ్యలే.
నా భుజం పట్టుకొని గాజు గదికి నడిచింది.
వేలి కొనతో ఒక్కొక్కటే తాకి, పెదాలు కదిలించి,
పుప్పొడి వేలిని చానాసేపు నలుపుకుంటా నిలబడింది.
"ఇది పుస్తకం చదవలేదు," అనింది.
ఆనక, "రాసుకో."
ఏ భాషలో అబ్లా?
"నీకు వచ్చిన దాంట్లో."

క్యాలెండరు వెనక రాసినా.
తేదీ. మూడో పూవు. ఆరు.
ఆ కింద ఇంకేదో రాయాలనిపించింది గానీ
బకెట్ నిండి పొర్లతా ఉండాది,
పోయి మార్చాల.